పళ్ళచక్రం మీద సున్నం బొట్టు

శనివారం ఒంటిపూట బడి. ప్రమీల పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అన్నమ్మ వసారా స్తంభాన్ని కొబ్బరిపీచుతో రుద్దుతోంది.

"చూడవే, మళ్ళీ పూశాడు," అంది నాయనమ్మ. "స్తంభం, రోలు, గుమ్మం, ఆఖరికి నా వడియాల పీట. ఆ మేస్త్రి వేలు తగలని చోటు ఈ ఇంట్లో లేదు."

స్తంభం మీద సున్నం మరకలు వరసగా ఉన్నాయి. అవి వెంకటప్పయ్య మేస్త్రివి.

ఆయనది తెనాలి. ట్రాక్టరు ఇంజన్లు విప్పి బిగించడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. పది రోజులుగా పొద్దున్నే రేపల్లె వెళ్ళే రైలెక్కి, జంపని స్టేషన్లో దిగి, కాలవ గట్టున రెండు కిలోమీటర్లు నడిచి వస్తున్నాడు. నోట్లో ఎప్పుడూ తమలపాకే. ఆకుకి సున్నం రాశాక వేలికి కొంచెం మిగులుతుంది. దాన్ని ఎక్కడో అక్కడ తుడవాలి. ఏది దగ్గరుంటే దానికి తుడిచేస్తాడు.

"అన్నయ్యా, ఆ వేలికి ఓ గుడ్డముక్క చుట్టుకోరాదూ?" అని నాయనమ్మ రోజూ అడుగుతుంది.

"చుట్టుకుంటే రేపట్నించి ఆ గుడ్డముక్క ఉతుక్కురమ్మంటావు చెల్లెమ్మా," అని ఆయన రోజూ అంటాడు.

ప్రమీలకి ఈ మాటలు కంఠతా వచ్చేశాయి. సంచీ మూల పడేసి, తిన్నగా పెరట్లోకి పరుగెత్తింది.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక పాత ట్రాక్టరు ఉంది. ఇది ఎనభై తొమ్మిదో సంవత్సరం నాటి మాట. అప్పటికే ఆ ట్రాక్టరు వయసు ముప్పై దాటింది. ఏదో చలిదేశంలో తయారై, ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి గూడ్సు బండిలో తెనాలి చేరింది. ఊళ్ళో పెద్ద రైతు వెంకటరాఘవయ్య గారు కొన్నారు. తోలింది మాత్రం ప్రమీల తాతయ్య జ్ఞానానందం. ఒకటీ రెండూ కాదు, ఇరవై రెండేళ్ళు తోలాడు. మొదటి రోజు అది చేలోకి దిగితే జనం రేపల్లె నుంచి కూడా వచ్చి గట్ల మీద నిలబడి చూశారట. ఒక ముసలాయన దాని ముందు గడ్డి వేశాడట కూడా.

కొత్త ట్రాక్టరు వచ్చాక వెంకటరాఘవయ్య గారు పాతదాన్ని తాతయ్యకే ఇచ్చేశారు. "ఇది నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు జ్ఞానానందం, నువ్వే తీసుకుపో," అన్నారు. అది ఇంటికొచ్చిన ఏడాదికే ఇంజను పట్టేసింది. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళుగా షెడ్డులోనే ఉంది. దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టాయి. పొగగొట్టంలో పిచ్చుకలు కాపురం చేశాయి.

ఇన్నాళ్ళూ ఊరుకున్న ప్రమీల నాన్న ఇక ఊరుకోలేదు. ఆయన పేరు వరప్రసాదం. ఊరి బళ్ళో మాస్టారు.

"తొమ్మిదేళ్ళు చూశాం నాన్నా," అన్నాడు ఆయన తాతయ్యతో. "వానొస్తే గేదెలు తడుస్తున్నాయి. ఆ షెడ్డు ఖాళీ అయితే వాటికి చోటవుతుంది. రేపల్లెలో నరసింహం గారని పాత ఇనుము కొంటారు. ఆయనకి మాటిచ్చాను. ఈ సోమవారం కాక పై సోమవారం పొద్దున లారీ వస్తుంది."

తాతయ్య లేచి షెడ్డు దాకా వెళ్ళొచ్చాడు. తర్వాత అన్నాడు. "సోమవారం లోపల స్టార్టయితే?"

"స్టార్టయితే మనది. కాకపోతే ఆయనది."

ఆ పూట తాతయ్య సగం అన్నం కంచంలోనే వదిలేశాడు. ప్రమీల చూసింది. మర్నాడే ఆయన తెనాలి వెళ్ళి వెంకటప్పయ్య మేస్త్రిని వెంటబెట్టుకు వచ్చాడు. ఇద్దరూ పాత స్నేహితులు. ఇద్దరికీ డెబ్భై దగ్గర పడుతోంది. మేస్త్రి కళ్ళకి పొర కమ్మింది. తాతయ్యకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆ ఇద్దరూ ఇంజను మొత్తం విప్పారు. కొత్త రింగులు వేశారు. పిస్టన్లు ఎక్కించారు. టైర్లకి గాలి కొట్టించారు. ఇక మిగిలింది ముందు వైపున ఉండే పళ్ళచక్రాలు బిగించడం.

ఇవాళ శనివారం.

"వచ్చావా మనవరాలా," అన్నాడు మేస్త్రి. "మేం నాలుగు మెతుకులు తిని వస్తాం. ఈలోగా ఆ డబ్బాలో బోల్టులన్నీ కడిగిపెట్టు. మట్టి కనపడకూడదు."

ప్రమీలకి శుభ్రం చేయడమంటే సరదా. క్లాసులో బోర్డు తుడిచేది తనే. నాయనమ్మ ఇత్తడి చెంబులు తోమేది తనే. కిరసనాయిలు డబ్బా ముందు గొంతుక్కూర్చుని, బోల్టులు ఒక్కొక్కటే పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో రుద్దింది. అరగంటలో అన్నీ తళతళలాడాయి. ఇంకా రుద్దాలనిపించింది.

అటూ ఇటూ చూసింది. గోనెపట్టా మీద మూడు పళ్ళచక్రాలు ఉన్నాయి. ఒకటి చిన్నది, రెండు పెద్దవి. వాటి పళ్ళ మీద అక్కడక్కడ తెల్లటి సున్నం బొట్లు.

"అయ్యో, వీటిక్కూడా తుడిచేశాడు," అనుకుంది ప్రమీల. నవ్వొచ్చింది.

బనీను గుడ్డ కిరసనాయిల్లో ముంచి రుద్దింది. ఎండిన సున్నం కదా, తొందరగా వదల్లేదు. గోటితో గీకింది. మళ్ళీ రుద్దింది. మూడు చక్రాలూ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. వాటిని పట్టా మీద వరసగా పేర్చి, కాస్త దూరం జరిగి, తల పక్కకి వంచి చూసుకుంది. బాగుంది.

"ప్రమీలా, మజ్జిగ అందుకో," అని నాయనమ్మ కేకేసింది.

ప్రమీల చేతులు కడుక్కుని, మజ్జిగ చెంబు పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. తాతయ్యా మేస్త్రీ పీటల మీద కూర్చుని తింటున్నారు.

"సాయంత్రానికి చక్రాలు ఎక్కించేస్తాం," అంటున్నాడు మేస్త్రి. "నీ అదృష్టం జ్ఞానానందం. ఆ చక్రాలు మనం పదిహేనేళ్ళ కింద తెనాలిలో కోయించినవి. వాటి మీద కంపెనీ గుర్తులు లేవు. ఏ పన్ను ఏ సందులో కూచోవాలో దేవుడికే తెలియాలి. అందుకే విప్పే ముందే సున్నం బొట్లు పెట్టుకున్నా. తెల్లగా ఉంటే ఈ పొర కళ్ళకి కూడా కనపడుతుంది. బొట్టుకి బొట్టు కలిపితే చాలు, అంతా దాని చోట అది కూచుంటుంది."

"ఆ బొట్లు లేకపోతే?" అన్నాడు తాతయ్య.

"లేకపోతే ఏముంది, మూడు రోజుల పని. అంత వ్యవధి మనకి ఎక్కడుంది? తప్పుగా కూచుంటే మరీ కష్టం. హ్యాండిలు తిప్పగానే పిస్టను వెళ్ళి వాల్వుని గుద్దుతుంది. వాల్వు వంగుతుంది. ఇక నరసింహం గారి లారీయే దిక్కు."

ప్రమీల పోస్తున్న మజ్జిగ తాతయ్య కంచం పక్కన ఒలికింది.

"ఏంటి తల్లీ, చెయ్యి జారిందా?" అన్నాడు తాతయ్య.

"లేదు తాతయ్యా."

చెప్పేస్తే అయిపోయేది. కానీ తాతయ్య ముఖం చూసి ఆగిపోయింది. పది రోజుల తర్వాత ఇవాళే ఆయన మారు అన్నం పెట్టించుకున్నాడు.

మేస్త్రి సున్నపుకాయ కిటికీలో ఉంది. ఎవరూ చూడకుండా ప్రమీల దాంట్లో వేలు ముంచింది. పిడికిలి మూసుకుని పెరట్లోకి పరుగెత్తింది. పట్టా ముందు కూర్చుంది. చిన్న చక్రం మీద బొట్టు ఎక్కడుంది? ఈ గాటు పక్కనా? ఆ గాటు పక్కనా? పెద్దదాని మీద రెండున్నాయి కదా. దగ్గరదగ్గరగానా, దూరందూరంగానా?

తుడిచేటప్పుడు మరకలనుకుంది. మరకల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

తోచిన పళ్ళ మీద బొట్లు పెట్టింది. ఆరేదాకా ఉఫ్ ఉఫ్ మని ఊదింది. వేలు లంగాకి తుడుచుకుంది.

మేస్త్రి వచ్చి చక్రాలు చూశాడు. "అబ్బో, వీటిని కూడా మెరిపించావే. బొట్లు చెరక్కుండా భలే తుడిచావు మనవరాలా. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు కూడా ఇంత నేర్పుగా తుడవలేదు."

ఆ మెచ్చుకోలు ప్రమీలకి కుంకుడు రసం కంట్లో పడ్డట్టుంది.

మధ్యాహ్నమంతా ఇద్దరు ముసలివాళ్ళూ వంగి పనిచేశారు. బొట్టుకి బొట్టు కలిపారు. మూడు చక్రాలూ ఎక్కించారు. తాతయ్య ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తున్నాడు. ప్రమీల షెడ్డు గుంజని కౌగలించుకుని నిలబడింది. ఒకవేళ తను పెట్టిన బొట్లు సరైనవే అయితే? అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు.

నాలుగున్నరకి మేస్త్రి నడుం పట్టుకుని లేచాడు. "ఇక ఒక్కసారి తిప్పి చూడు జ్ఞానానందం. బలంగా తిప్పు. తొమ్మిదేళ్ళ బద్ధకం వదలాలి."

తాతయ్య లుంగీ ఎగ్గట్టాడు. హ్యాండిలు ఇంజను ముందు పెట్టి, రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసి, ఊపిరి బిగబట్టాడు.

"తాతయ్యా, తిప్పొద్దు."

ఆ గొంతు తనదేనని ప్రమీలకి ఒక క్షణం తెలియలేదు. పరుగెత్తి వెళ్ళి తాతయ్య చెయ్యి పట్టుకుంది.

"ఆ బొట్లు మేస్త్రీ తాత పెట్టినవి కావు. నేను పెట్టాను. ఆయనవి నేను తుడిచేశాను. మరకలనుకున్నాను. తర్వాత తెలిసింది. చెప్పాలంటే భయమేసింది. ఉత్తుత్తివి పెట్టాను."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అప్పుడు ఏడుపు వచ్చింది.

తాతయ్య హ్యాండిలు మెల్లగా బయటికి లాగి నేల మీద పెట్టాడు. మేస్త్రి నోట్లో ఆకు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చాడు. ఏడుపు విని నాయనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మరకనుకోవడంలో పిల్ల తప్పేముంది అన్నయ్యా," అంది నాయనమ్మ. "నా స్తంభం చూసినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు."

"నిజమే చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "తుడవడం సంగతి నా ఖాతాలో వేసుకుంటా." ప్రమీల వైపు తిరిగాడు. "ఆ రెండో బొట్లు ఉన్నాయే, అవి మాత్రం నీవి. వాటిని నేను నా కళ్ళకన్నా ఎక్కువ నమ్మాను."

ఆయన కేకలేసి ఉంటే బాగుండుననిపించింది ప్రమీలకి.

తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. చేతికి గ్రీజుంది. అది జుట్టుకంతా అంటుకుంది. "తిప్పకముందే చెప్పావు కదా," అన్నాడు. "వాల్వులు బతికాయి. ఇక ఏడవకు. వెంకటప్పయ్యా, మూడు రోజుల పని ఒక్క రోజులో చేస్తే?"

"చేస్తే మన నడుములు విరుగుతాయి."

"విరగనీ. రేపు ఆదివారం. మేం చర్చికి వెళ్ళి పదికల్లా వచ్చేస్తాం."

"మీరు మీ దేవుడికి చెప్పుకు రండి, నేను మా ఆంజనేయస్వామికి చెప్పుకు వస్తా," అన్నాడు మేస్త్రి. "ఇద్దరికీ చెబితే మంచిది. పని అలాంటిది."

ఆదివారం మేస్త్రి కొత్త ఉపాయంతో వచ్చాడు. నిజానికి అది చాలా పాత ఉపాయం. గుర్తులు పోయినప్పుడు వెనకటి మెకానిక్కులు ఇంజన్నే అడిగి తెలుసుకునేవారట.

"ఇటు చూడు," అంటూ తాతయ్య ప్రమీలని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "లోపల పిస్టను పైకీ కిందికీ తిరుగుతుంటుంది. అది పైకి వచ్చే వేళకి వాల్వులు మూసుకోవాలి. సరిగ్గా అప్పుడే ఈ పంపు డీజిలు చిమ్మాలి. ముందు చిమ్మినా, వెనక చిమ్మినా బండి స్టార్టవదు. మూడింటినీ కలిపేవే ఆ పళ్ళచక్రాలు."

"మరి ఎప్పుడు చిమ్ముతుందో మనకెలా తెలుస్తుంది?"

"పంపు నుంచి డీజిలు చుక్కలు చుక్కలుగా కారుతుంటుంది. చిమ్మడం మొదలయ్యే క్షణాన చుక్క ఆగిపోతుంది. ఆ ఆగడం పట్టుకోవాలి. నా చేతులు హ్యాండిలు మీద ఉంటాయి. వీడి చేతులు చక్రాల మీద ఉంటాయి. వీడి కళ్ళకి చుక్క కనపడదు, నేనుండే చోటికి అసలే కనపడదు."

మేస్త్రి తల ఊపాడు. "మాకు కళ్ళు కావాలి మనవరాలా. ఉన్నది ఉన్నట్టు చూసే కళ్ళు."

ముందు వాల్వుల సంగతి చూశారు. సన్నటి కాయితపు ముక్క సందులో పెట్టి, అది ఎప్పుడు పట్టుకుంటుందో, ఎప్పుడు వదులుతుందో చూస్తూ సర్దారు. దానికే మధ్యాహ్నం రెండయింది. అన్నం సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాయనమ్మ ముద్దలు కలిపి తెచ్చి, గ్రీజు చేతులవాళ్ళకి నోట్లో పెట్టింది.

తర్వాత పంపు. మేస్త్రి పంపుకి ఒక వంకర గొట్టం బిగించాడు. దాని కొస నుంచి డీజిలు చుక్కలు మొదలయ్యాయి. టప్. టప్. టప్. ప్రమీల కొస దగ్గర ముక్కు పెట్టి కూర్చుంది. తాతయ్య హ్యాండిలుతో ఇంజన్ను గుర్తు దగ్గరికి తెచ్చి ఆపాడు. ఆ మూడు చక్రాలూ కాక, ఇంజను వెనక వైపున్న పెద్ద చక్రం మీద చలిదేశంవాళ్ళు చెక్కిన గీత అది. అదొక్కటే మిగిలిన నికార్సయిన గుర్తు. మేస్త్రి పంపు ఇరుసును వెంట్రుకవాసి చొప్పున తిప్పసాగాడు.

టప్. టప్.

"ఆగింది," అంది ప్రమీల.

చక్రం కలిపారు. మళ్ళీ మొదట్నుంచి తిప్పి సరిచూశారు. గీత వచ్చింది. చుక్క మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

"తొందరపడ్డావు," అన్నాడు మేస్త్రి. చక్రం విప్పాడు.

ప్రమీలకి తెలుసు. చుక్క నిజంగా ఆగలేదు, నెమ్మదించింది అంతే. ఇక ఆగుతుందిలే అనుకుని చెప్పేసింది.

రెండోసారి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. ఒక చుక్క గొట్టం కొసన వేలాడింది. వణికింది. పడలేదు. ఆగిందా? పడబోతోందా? మేస్త్రి నుదుటి మీంచి చెమట కారుతోంది. తాతయ్య చేతులు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి. ఇద్దరూ తన మాట కోసమే చూస్తున్నారు. పొద్దు వాలుతోంది.

"ఆగిందా?" అన్నాడు మేస్త్రి.

అవునంటే ముసలివాళ్ళిద్దరూ నడుం వాల్చుతారు.

"తెలియడం లేదు మేస్త్రీ తాతా," అంది ప్రమీల. "ఆగినట్టే ఉంది. కానీ నాకు గట్టిగా తెలియదు. మళ్ళీ తిప్పండి."

మేస్త్రి గెడ్డం గోక్కున్నాడు. "అలా చెప్పు," అన్నాడు. "ఆ మాట కోసమే నేను చూస్తున్నా."

మూడోసారీ కుదరలేదు. నాలుగోసారి ప్రమీల రెప్ప వేయలేదు. కళ్ళు మండాయి. చుక్క సాగింది. సన్నబడింది. కొసన ముత్యంలా నిలిచింది. ఆమె మనసులో పది లెక్కపెట్టింది. ముత్యం కదల్లేదు.

"ఆగింది."

కలిపారు. తిప్పి సరిచూశారు. గీత వచ్చింది. ఆ క్షణానే చుక్క ఆగింది. ఇంకోసారి తిప్పారు. గీత, చుక్క రెండూ ఒకేసారి. తాతయ్య హ్యాండిలు వదిలి చేతులు దులుపుకున్నాడు. మేస్త్రి కొత్త ఆకు తీశాడు.

చీకటి పడే వేళకి మూతలన్నీ బిగించడం అయిపోయింది. మేస్త్రి రైలుకి వెళ్ళాలి. "పొద్దున మొదటి బండికి వస్తా. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకండి. రాత్రంతా దాన్ని పడుకోనివ్వండి," అన్నాడు.

సోమవారం ఏడు గంటలకి లారీ వచ్చింది. అప్పటికే మేస్త్రి మొదటి బండి దిగి వచ్చి షెడ్డు దగ్గరున్నాడు.

నరసింహం గారు లావుపాటి మనిషి. క్యాబిన్లోంచి దిగి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన మనుషులు మోకులు దింపారు. ఊళ్ళో పిల్లలు గోడ ఎక్కి కూర్చున్నారు. ప్రమీల క్లాసు పిల్లలంతా అక్కడే ఉన్నారు.

"ఏమండీ మాస్టారూ, తీసుకెళ్ళమంటారా?" అన్నాడు నరసింహం గారు.

వరప్రసాదం తండ్రి వైపు చూశాడు. "ఒక్క పది నిమిషాలు కూర్చోండి," అన్నాడు.

బండి మీద ఒక చిన్న మీట ఉంది. దాన్ని ఎత్తిపట్టుకుంటే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. బాగా ఊపందుకున్నాక వదలాలి. అది ప్రమీల పని. ఆమె పక్కన ఎక్కి మీట ఎత్తిపట్టుకుంది. తాతయ్య హ్యాండిలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు.

"వదులు."

వదిలింది. ఇంజను గుర్రుమంది. ఆగిపోయింది.

గోడ మీంచి ఎజ్రా అనే కుర్రాడు అన్నాడు. "గురక పెడుతోందిరా."

పిల్లలు నవ్వారు. మేస్త్రి పట్టించుకోలేదు. డీజిలు గొట్టం కొంచెం వదులు చేసి, లోపల ఇరుక్కున్న గాలి బుడగలు పోనిచ్చి, మళ్ళీ బిగించాడు.

రెండోసారి. పొగగొట్టంలోంచి ఒక తెల్లటి పొగ ఉండ పైకి వచ్చి, షెడ్డు రేకులకి తగిలి విరిగిపోయింది. అంతే.

"మోకులు కట్టమంటారా?" అన్నాడు నరసింహం గారు, ఈసారి మెల్లగా.

తాతయ్య మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. అప్పుడు వరప్రసాదం చొక్కా చేతులు మడిచాడు. బుష్‌కోటు జేబులోని పెన్ను తీసి పక్కన పెట్టాడు. "జరుగు నాన్నా, నేను తిప్పుతాను," అన్నాడు.

మాస్టారు హ్యాండిలు తిప్పడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"వదులమ్మా," అన్నాడు తాతయ్య.

టుప్.

టుప్. టుప్. టుప్ టుప్ టుప్ టుప్.

షెడ్డు రేకులు అదిరాయి. కోళ్ళు గోడ దూకాయి. నల్లటి పొగ, దాని వెనక బూడిదరంగు పొగ, తర్వాత కంటికి కనపడనంత పల్చటి పొగ. ఒకే లెక్కన ఇంజను ఆడసాగింది. తాతయ్య బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆయన గడ్డం కూడా ఇంజనుతో పాటు వణుకుతోంది. గోడ మీద పిల్లలు ఒకటే కేకలు.

నరసింహం గారు దగ్గరికి వచ్చి కాసేపు విన్నాడు. తర్వాత తన మనుషుల్ని పిలిచాడు. "మోకులు చుట్టేయండ్రా," అన్నాడు. "నేను కొనేది ఇనుము. ఇది ఇనుము కాదు, మనిషిలా మాట్లాడుతోంది."

"మాటిచ్చి పిలిపించాను, శ్రమ పెట్టాను," అన్నాడు వరప్రసాదం.

"పర్లేదండి మాస్టారూ. చిన్నప్పుడు మా నాన్న భుజం మీదెక్కి దీన్నే చూసుంటాను. ఈ చప్పుడు నాకు తెలుసు." ఆయన నాయనమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

వరప్రసాదం చేతికి అంటిన గ్రీజు చూసుకున్నాడు. "గేదెలకి అటు పక్క పాక వేద్దాం నాన్నా," అన్నాడు.

మేస్త్రి పనిముట్ల సంచీ సర్దుకున్నాడు. ఎనిమిదిన్నరకి తెనాలి బండి ఉంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతుంటే తాతయ్య అడ్డుపడ్డాడు.

"పదిరోజులు నడిచి వచ్చావు. ఇవాళ కూడా నడిచిపోతావా? ఎక్కు."

మేస్త్రి ఒక మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ప్రమీల రెండో మడ్‌గార్డు మీద కూర్చుంది. ట్రాక్టరు తొమ్మిదేళ్ళ తర్వాత షెడ్డు దాటింది. వీధిలో ఆడవాళ్ళు పనులాపి గుమ్మాల్లోకి వచ్చారు. కాలవ గట్టు ఎక్కేసరికి పంచదార ఫ్యాక్టరీకి చెరుకు తోలుకెళ్ళే ఎడ్లబళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చాయి. బండ్లవాళ్ళు తాతయ్యకి చేతులూపారు. వెనకాల పిల్లల దండు. ఆ వెనక సైకిలు మీద మాస్టారు.

"ప్రమీలా, ఇటు చూడవే," అని పిల్లలు అరుస్తున్నారు. ప్రమీల రాణిలా కూర్చుని అందరికీ చెయ్యి ఊపింది. జన్మలో ఇలాంటి పొద్దు రాలేదు.

సగం దారిలో ఆమెకి ఏదో వినిపించింది.

టుప్ టుప్ టుప్ మధ్యలో ఎక్కడో, టిక్కు. టిక్కు. చాలా చిన్న చప్పుడు. తాతయ్యకి వినపడలేదు. మేస్త్రికి వినపడలేదు. ప్రమీల వంగి చూసింది. డీజిలు ట్యాంకుని పట్టి ఉంచే ఇనప పట్టీ కొంచెం కొంచెంగా ఎగురుతోంది. దాని బోల్టు వదులైంది.

నిన్న సాయంత్రం ఆ బోల్టు బిగించింది తనే. చేతులు నొప్పెట్టి ఆఖరి చుట్టు తిప్పకుండా వదిలేసింది.

స్టేషను ఇంకో కిలోమీటరే. అందాకా ఊడకపోవచ్చు. ఇంటికెళ్ళాక ఎవరూ చూడకుండా బిగించేసుకోవచ్చు కూడా. వెనక క్లాసంతా ఉంది. ముందు బండ్లవాళ్ళంతా చూస్తున్నారు.

"తాతయ్యా, ఆపు," అంది ప్రమీల. గట్టిగానే అంది.

తాతయ్య ఆపాడు. పిల్లలు వచ్చి చుట్టూ మూగారు.

"అప్పుడే ఆగిపోయిందా?" అన్నాడు ఎజ్రా రొప్పుతూ.

"ఆగిపోలేదు, నేనే ఆపమన్నాను," అంది ప్రమీల. అందరికీ వినపడేలా చెప్పింది. "ట్యాంకు పట్టీ బోల్టు వదులైంది. నిన్న దాన్ని నేనే బిగించాను. సరిగ్గా బిగించలేదు."

తాతయ్యా మేస్త్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి సంచీలో చెయ్యి పెట్టి, పానా తీసి, ఆమె చేతికిచ్చాడు.

ప్రమీల కిందికి దిగింది. పానా బోల్టుకి తగిలించి, పళ్ళు బిగబట్టి తిప్పింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఇక తిరగనంత వరకూ తిప్పింది. పట్టీని వేలితో లాగి చూసింది. కదల్లేదు. పక్కనే ఉన్న రెండో బోల్టుని కూడా, ఎవరూ చెప్పకుండానే, లాగి చూసింది.

వేమూరు వైపు నుంచి రైలు కూత వినిపించింది.

"ఎక్కండి, ఎక్కండి," అన్నాడు తాతయ్య. ప్రమీల ఒక్క గెంతులో పైకెక్కింది. తాతయ్య డీజిలు పెంచాడు. ట్రాక్టరు గొంతు మార్చింది. గట్టు మీది కొంగలు లేచిపోయాయి. చెరుకు బళ్ళు వెనకబడ్డాయి. పిల్లలు వెనకబడ్డారు. మాస్టారి సైకిలు కూడా వెనకబడింది.

రైలు జంపని స్టేషన్లోకి వచ్చి ఆగేసరికి, కంచె పక్కన ట్రాక్టరు అప్పటికే నిలబడి ఉంది. కిటికీల్లోంచి జనం తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. పాత ట్రాక్టరు పొగగొట్టం మీది మూత గంటలా ఆడుతోంది. దాని పక్కన ప్రమీల, చేతిలో పానాతో, చెవి ఇంజను వైపు ఆనించి వింటోంది.